ఇలంజి ఎట్లా దిగింది

సెప్టెంబరు 3, బుధవారం

మా ఆవిడ అలమేలును తిరువళ్ళూరు ఆస్పత్రిలో చేర్చాము. కుడికాలు. ఆడి కృత్తికకు, వద్దన్నా వినకుండా, చెప్పుల్లేకుండా తిరుత్తణి కొండ మెట్లు ఎక్కింది. చక్కెర ఉన్న ఒళ్ళు. బొటనవేలి కింద బొబ్బ లేచింది. నాకు చూపలేదు. చూపే వేళకు వేలు నల్లబడింది.

ఆడవాళ్ళ వార్డు. కోడలు తోడుంది. మగవాళ్ళను సాయంత్రం పూట మాత్రం రానిస్తారు. నేను రైల్లో తిరుత్తణికి, అక్కడినుంచి బస్సులో ఇంటికి వచ్చాను.

రాట్నం చప్పుడు లేదు ఇంట్లో.

సెప్టెంబరు 4, గురువారం

పొద్దున మగ్గం మీదనుంచి చీర దించాను. ఎప్పటిలాగే మగ్గం దువ్వెనలో, పన్నెలో, మూరెడు పడుగు కొస వదిలాను. కొత్త పడుగు మూలన చుట్టి ఉంది. పాత కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. అది అలమేలు పని. బూడిద అద్దుకుని రెండు వేళ్ళతో మెలేస్తుంది. అతికిన చోటు కంటికి కనిపించదు. నేను అతికితే గంటు పడి పన్నెలో తట్టుకుంటుంది.

కాబట్టి మగ్గం ఆగింది.

మధ్యాహ్నం కొరియర్ వచ్చింది. హోసూరు నుంచి మనవరాలు నివేద పంపింది. పుస్తకం. తమిళం, ముప్పై పేజీల పల్చటిది. ఇలంజి కథ ఐదో భాగం. ఆఖరిది అని అట్ట మీదే వేశారు.

మొదటి నాలుగూ నివేదే చదివింది, ఉద్యోగానికి పోకముందు. మగ్గం గుంట గట్టున కూర్చుని గట్టిగా చదివేది. అలమేలు దారం కండెలు చుడుతూ వినేది, నేను నేస్తూ వినేవాణ్ణి. విననట్టు ఉండేవాణ్ణి. ఇలంజి కష్టంలో పడ్డప్పుడు నా చేతిలో నాడె ఆగిపోయేది. ఆమె రాట్నం దగ్గర నవ్వేది.

సెప్టెంబరు 5, శుక్రవారం

పుస్తకం తీసుకుపోయాను.

"సంచిలో ఏం తెచ్చినావు?"

"నివేద పంపింది."

"ఐదోదా? ఇలంజిదా?" లేచి కూర్చుంది. మొన్నటినుంచి లేవమన్నా లేవని మనిషి. "చదువు."

"నేనా?"

"మరి నేనా? నాకు బస్సు బోర్డే తెలీదు."

"కోడలు చదువుతాది."

"నాకు గుడ్డలు పిండేది ఉంది మామా," అని కోడలు నవ్వుకుంటూ బయటికి పోయింది.

నాకు బళ్ళో చెప్పింది తెలుగు. తమిళం బస్సు బోర్డుల మీద, సొసైటీ కాగితాల మీద చూసి నేర్చుకున్నది. పోగులు లెక్కపెట్టినట్టు అక్షరం అక్షరం పట్టుకుని చదవాలి. పైగా పదిమంది ఆడవాళ్ళ మధ్య. ఆమెతో కాపరం మొదలైనప్పటినుంచి గట్టిగా చదివిందీ లేదు, గట్టిగా అరిచిందీ లేదు. గొంతు లేవలేదు.

పక్క మంచం ఆమె వళ్ళియమ్మ. కడంబత్తూరు, జామకాయల వ్యాపారం, తుంటి ఎముక విరిగింది. తమిళామె. "అన్నా," అంది, "మీరు అక్కకు చదువుతాండారా, తలగడకు చదువుతాండారా?"

వార్డంతా నవ్వింది. అలమేలు అందరికంటే గట్టిగా నవ్వింది.

ఒకటిన్నర పేజీ అయింది.

సెప్టెంబరు 6, శనివారం

మూడు పేజీలు.

సెప్టెంబరు 8, సోమవారం

పొద్దున రైల్లో ముందే ఒకసారి చదువుకుంటున్నాను, సాయంత్రం తడబాటు తగ్గుతుందని. తిరుత్తణిలో ఎక్కి పుస్తకం తెరిస్తే కడంబత్తూరు వచ్చాక మూస్తాను. ఆస్పత్రి వరండాలో మళ్ళీ తెరుస్తాను. అయినా తడబడుతూనే ఉన్నాను.

వళ్ళియమ్మకు ముందు కథ తెలియదు. అలమేలు చెప్పింది. "ఇలంజి అని ఒక పిల్ల. గాలిపటం దారం పట్టుకుని మేఘాల మీది ఊరికి ఎక్కిపోతాది. ఆడ గాలిదొర ఉండాడు. లోకంలో గాలినంతా కోటలో పెట్టి తలుపేసినాడు. పైకెక్కిన పిల్లోళ్ళను కూడా దిగనియ్యడు. ఈ పిల్ల వాళ్ళందరినీ దించాల."

"ఇది మా పళ్ళికూడంలో క్లాసు పుస్తకంలో ఉన్నింది గదా," అంది వళ్ళియమ్మ. "గాలిపటం ఎక్కిన పిల్ల. పైన మేఘాలు తిని, అన్నం వేళకు వాళ్ళమ్మ దారం లాగితే దిగొస్తాది. అంతే కథ. యుద్ధం గిద్ధం యాడుండాది అందులో?"

"అది చిన్నపిల్లోళ్ళకు రాసింది. ఇది పెద్దోళ్ళకు. అదే కథను మళ్ళీ నేసినారు," అంది అలమేలు. నివేద చెప్పిన మాటే.

ఈ పుస్తకంలో ఒక కొంగ ఉంది. ఎప్పుడూ గొణుగుతుంది. ఇలంజికి దారి చూపిస్తుంది, చూపించినందుకు తిడుతుంది. ఈ రోజు కొంగ మాటలు చదువుతుంటే నర్సు దేవసేన మందుల బండి ఆపి నిలబడింది. "తాతా, ఆ కొంగ మా సూపర్‌వైజరే," అంది.

అందరూ నవ్వుతుండగా డాక్టరు వచ్చాడు. నన్ను బయటికి పిలిచాడు.

సెప్టెంబరు 9, మంగళవారం

పాదం ముందు భాగం తీసేయాలంట. వేళ్ళూ, వాటి వెనక కొంత. ఈ వారంలోనే తీస్తే మడమ మిగులుతుంది, కర్రపట్టుకుని నడవొచ్చు. ఆలస్యం చేస్తే మోకాలి దాకా పోతుంది. ఇంకా ఆలస్యం చేస్తే అని ఆగి, "మీకే తెలుసు కదా," అన్నాడు.

నిన్న ఇది రాయలేకపోయాను.

సెప్టెంబరు 10, బుధవారం

కొడుకు జయకుమార్ వచ్చి చెప్పాడు ఆమెకు. నాకు నోరు రాలేదు. ఆమె గోడ వైపు తిరిగింది.

"ముండ కాలు, ఎందుకమ్మా అంత పట్టుదల? నువ్వుండాల మాకు," అన్నాడు వాడు.

"నీ కాలయితే అట్లనే అంటావా?"

వాడు కాసేపు గొంతు పెంచి, తరువాత ఏడ్చి, షిఫ్టు టైమైందని పోయాడు. ఆమె నా వైపు తిరిగింది.

"కథ అయిపోనీ. ఇలంజి ఇంటికి చేరనీ. అప్పుడు చెప్తా కొయ్యాలో వద్దో."

ఐదు పేజీలు చదివాను. గొంతు ఎలాగో లేచింది.

సెప్టెంబరు 11, గురువారం

రైల్లో ఆఖరి దాకా చదివేశాను. మానవూరు దాటినప్పటినుంచి తల ఎత్తలేదు. కడంబత్తూరులో మూయలేదు. తిరువళ్ళూరులో దిగలేదు. తిరునిన్రవూరులో ఎవరో "పెద్దాయనా, ఎక్కడికి?" అంటే తెలిసింది. దిగి వెనక్కి వచ్చాను.

కథ చివర గాలిదొర కోట వాకిలి ఎవరో ఒకరు పట్టుకుంటేనే తెరుచుకుని ఉంటుంది. ఇలంజి పట్టుకుంటుంది. పిల్లలంతా దారం పట్టుకుని దిగిపోతారు. ఆఖరివాడు దిగగానే వాకిలి మూసుకుంటుంది. ఇలంజి ఎడమ చెయ్యి లోపల ఉండిపోతుంది.

ఆ పిల్ల ఒంటి చేత్తో ఇంటికి వస్తుంది.

చదవకుండా ఉండాల్సింది. ఈ రాసినామెకు వేరే ఏమీ దొరకలేదా? నాలుగు పుస్తకాల నుంచి ఆ పిల్ల ఎప్పుడు దిగుతుందా అని కూర్చున్నవాళ్ళం.

సాయంత్రం తలనొప్పి అని చెప్పాను. చదవలేదు. ఆమె కాలు మీద దుప్పటి సర్దుకుంది.

సెప్టెంబరు 12, శుక్రవారం

కథ అయిపోయింది.

వాకిలి దాకా పుస్తకంలో ఉన్నదే చదివాను. తరువాత పేజీలు తిప్పుతూ వేరేది చెప్పాను. వాళ్ళమ్మ అన్నం వార్చి దారం లాగుతుంది. పిల్లలు దిగుతారు. ఇలంజి దిగుతుంది. గాలి వస్తుంది. ఊళ్ళో గాలిపటాలన్నీ లేస్తాయి. కొంగ కూడా తిట్టుకుంటూ దిగి వాళ్ళ పెరట్లో నిలబడుతుంది.

అబద్ధం అనడానికి లేదు. పాత కథలో ఉన్నదే అది. వళ్ళియమ్మ వాళ్ళ బళ్ళో పుస్తకంలో అచ్చయిందే. ఒకరు రాసిన ముగింపు వదిలి ఇంకొకరు రాసింది చదివాను, అంతే.

వార్డులో ఒకావిడ చప్పట్లు కొట్టింది. దేవసేన, "సూపర్ తాతా," అంది. అలమేలు చాలాసేపు నా ముఖం చూసింది. తరువాత, "పిల్ల నిండుగా వచ్చింది," అంది.

"వచ్చింది," అన్నాను.

ఆమె నవ్విన ముఖంతో పడుకుంది. మంచి పనే చేశాను.

సెప్టెంబరు 13, శనివారం

డాక్టరుతో వద్దని చెప్పేసిందంట.

"నేను నిండుగా వచ్చినాను, నిండుగానే పోతాను. ఇలంజి రాలేదా?" అందంట. కోడలు ఫోన్లో చెప్పి ఏడ్చింది.

నేను పోయేసరికి జయకుమార్ అక్కడే ఉన్నాడు. "కథ అయినాక చెప్తా అన్నింది గదా నాయినా! ఏం కథ చదివినావు నువ్వు?" అని నన్ను అడిగాడు. నేను నీళ్ళ సీసా నింపుకొస్తానని లేచిపోయాను.

కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. సీసా నిండి పొర్లింది.

సెప్టెంబరు 14, ఆదివారం

పోలేదు. కాళ్ళనొప్పులని చెప్పించాను.

మగ్గం దగ్గర కూర్చున్నాను. ఊరికే.

నేను చెప్పింది ఒక కథ. దానికీ కాలికీ ఏం సంబంధం? ఆమెకు మొదటినుంచీ ఇష్టం లేదు. నేను ఉన్నదే చదివినా వద్దనే అనేది. కచ్చితంగా వద్దనే అనేది.

సెప్టెంబరు 15, సోమవారం

ఎరుపు చీలమండ దాకా వచ్చింది. డాక్టరు పెన్నుతో గీత గీశాడు, రేపటికి ఆ గీత దాటిందో లేదో చూడటానికి. ఆమె ఆ గీతను చూడనట్టు ఉంది. జ్వరం కూడా.

వళ్ళియమ్మ ఊరికే ఉండలేదు. "అన్నా, ఒకటి అడగనా? ఆ పొద్దు మీరు చదివిన ఆఖరి కథ మా పళ్ళికూడం కథే. మాట మాటా అదే. ఐదు పుస్తకాలు రాసినామె మళ్ళీ పాత కథనే ఎందుకు రాస్తాది? సుమ్మా, ఊరికే కాపీ కొట్టేదానికా?"

నేను కిటికీ వైపు చూశాను.

అలమేలు కళ్ళు తెరవకుండానే అంది. "నాకు అప్పుడే తెలుసు."

"ఏం తెలుసు?"

"పుస్తకం మొదలు పెట్టినప్పటినుంచి ఒక్క వాక్యం తడబడకుండా చదివినావా? ఆ ఆఖరి రెండు పేజీలూ గడగడా చదివినావు. ఎద్దులు వంక దిగినట్టు."

"తెలిసి మరి..."

"నువ్వు ఇచ్చినావు. నేను తీసుకున్నాను." కాసేపటికి, "బాగుండింది ఆ రెండు దినాలు," అంది.

పుస్తకం తెమ్మంది. ఇంట్లో ఉందన్నాను. అది నా సంచిలోనే ఉంది.

సెప్టెంబరు 16, మంగళవారం

ఎరుపు గీతను దాటింది.

సాయంత్రం నాలుగయ్యేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. వదలగానే పోయి స్టూలు మీద కూర్చున్నాను. నేను పుస్తకం తీశాను. వాకిలి దగ్గర తెరిచాను.

వళ్ళియమ్మ పక్క మంచం వాళ్ళకు "ష్" అంది.

చదివాను. ప్రతి మాటకూ ఆగాను. కొంగ అరుస్తుంది, "వదిలెయ్యవే, మూస్తున్నారు, వదిలెయ్" అని. ఆఖరి పిల్లవాడు దారం పట్టుకోవడానికి భయపడతాడు. ఇలంజి వాడికి ఒక పాట పాడుతుంది, వాడు దిగేదాకా. పాట అయిపోతుంది. వాకిలి మూసుకుంటుంది.

అక్కడ ఆగిపోయాను.

"చెయ్యా?" అంది అలమేలు.

తల ఊపాను.

"ఏ చెయ్యి?"

"ఎడమది."

"ఊఁ. చదువు."

ఇలంజి దిగుతుంది. ఇంటి ముందు వాళ్ళమ్మ నిలబడి ఉంటుంది. చెయ్యి ఏదని అడగదు. "ఆకలేస్తాందా?" అని అడుగుతుంది. అన్నం పెడుతుంది. మరునాడు పొద్దున ఇలంజి పెరట్లో కూర్చుని గాలిపటానికి దారం కడుతుంది. ఒక కొస కుడిచేత్తో, ఒక కొస పళ్ళతో పట్టుకుని. గాలి వస్తుంది. అంతటితో పుస్తకం అయిపోతుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వళ్ళియమ్మ ముక్కు తుడుచుకుంది. "ఆ కొంగ?" అని అడిగింది చివరికి.

"కొంగ పైనే ఉండిపోయింది. ఆ చెయ్యి దగ్గర కాపలా."

"తిట్టుకుంటా ఉంటాది పావం," అంది వళ్ళియమ్మ.

అలమేలు దుప్పటి కొస వేళ్ళతో మెలేస్తూ ఉంది. నేను పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏదో చెప్పాలి. "నీకు భయం వేస్తాదని..." అన్నాను.

"నాకా, నీకా?"

నేను పుస్తకం అట్ట తుడిచాను.

"ఒకటి అడుగుతా చెప్పు. పుట్టినప్పటినుంచి మగ్గం గుంటలోనే ఉండావు. చీర దించేటప్పుడు పన్నెలో కొస మిగల్చకుండా ఎప్పుడన్నా దించినావా?"

"లేదు."

"ఎందుకని?"

"ఏమీ మిగల్చకుంటే కొత్త పడుగు దేనికి అతికేది?"

"ఆ పిల్లను మాత్రం అంతా దించేసినావే. పైన ఒక్క పోగు కూడా లేకుండా."

నేను నేల చూశాను. ఆమె దుప్పటి పక్కకు తీసి కాలు చూసుకుంది. డాక్టరు గీతను, దానికి పైన ఎరుపును. మొదటిసారి సరిగ్గా చూసుకుంది. గడప మీద కూర్చున్న పిల్లిని చూసినట్టు.

"పళ్ళతో పట్టుకునింది దారం," అంది. "మనమూ అంతే గదా చేసేది."

"అంతే."

"దేవసేనను పిలువు. డాక్టరు ఉండాడేమో చూడమను. నేనే చెప్పాల, నా కొడుకు కాదు."

ఆపరేషను కాగితం మీద వేలిముద్ర వేసింది. డాక్టరు ఒకటి చెప్పాడు. పోయిన వారమైతే పాదం ముందు భాగంతో సరిపోయేది. ఇప్పుడు పాదమంతా పోవచ్చు. మడమ నిలుస్తుందో లేదో లోపల చూస్తేగాని తెలియదు.

ఆమె నావైపు చూడలేదు. డాక్టరు పోయేదాకా చూడలేదు. పోయాక నా చెయ్యి తీసుకుని మంచం పట్టీ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టింది. వార్డులో అందరి ముందూ.

సెప్టెంబరు 17, బుధవారం

పొద్దున లోపలికి తీసుకుపోయారు.

మధ్యాహ్నం బయటికి తెచ్చారు. మడమ పోయింది. మోకాలు ఉంది.

సెప్టెంబరు 18, గురువారం

నేను నాలుగు దినాలు పోగొట్టాను. రాసుకుంటే తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

నివేద వచ్చింది. వాళ్ళవ్వ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తరువాత, "తాతా, ఆఖరి పుస్తకం ఎట్ల ఉంది? నేనింకా చదవలేదు, చెప్పొద్దు చెప్పొద్దు," అంది.

"మీ తాతను అడగొద్దు," అంది అలమేలు. "ఆయన ఒకటి అడిగితే రెండు చెప్తాడు."

వళ్ళియమ్మ తుంటి పట్టుకుని నవ్వింది. నవ్వినందుకు నొప్పి పుట్టి నన్ను తిట్టింది.

నేనూ నవ్వాను. నవ్వకూడదనుకుంటూనే.

అక్టోబరు 6, సోమవారం

ఇంటికి తెచ్చాము. వళ్ళియమ్మ ఇంకా అక్కడే. మేము వచ్చేటప్పుడు, "ఒకటో భాగం నాకు పంపించు అన్నా, పైకి ఎట్ల ఎక్కిందో నేను వినలేదు గదా," అంది.

అలమేలు గడప దగ్గర ఆగి ఇల్లంతా చూసింది. మగ్గం మీద దుమ్ము చూసి నన్ను చూసింది.

అక్టోబరు 13, సోమవారం

ఆమె రాట్నం ముందు కూర్చుంది. కాసేపే.

అక్టోబరు 19, ఆదివారం

పొద్దున మగ్గం పక్కన చాప పరవమంది. కాలి కింద తలగడ పెట్టాను. గిన్నెలో బూడిద తెచ్చిచ్చాను. కొత్త పడుగు మూల నుంచి తెచ్చి విప్పాను. పన్నెలో పాత కొస అలాగే ఉంది. నేను సెప్టెంబరులో వదిలింది. కొంచెం రంగు వెలిసింది.

ఆమె ఒక పాత పోగు తీసుకుంది. ఒక కొత్త పోగు తీసుకుంది. వేళ్ళకు బూడిద అద్దుకుని మెలేసింది. లాగి చూసింది. ఇంకొకటి తీసుకుంది. పడుగంతా అతకాలంటే రెండు మూడు దినాలు పడుతుంది. తొందరేమీ లేదు.

నాకు చేసేందుకు పనిలేదు. గుంట గట్టున కూర్చున్నాను, నివేద కూర్చునే చోట.

"ఒకటో భాగం యాడ పెట్టినావు?" అంది తల ఎత్తకుండా.

"వళ్ళియమ్మకు పంపాలని కట్టి పెట్టినాను."

"కట్టు విప్పు. మనం చదివినాక పంపుదాం."

విప్పాను. మొదటి పేజీ తెరిచాను. ఇలంజి ఇంకా చిన్నపిల్ల. రెండు చేతులూ ఉన్నాయి. గాలిపటం చేయడానికి వాళ్ళమ్మ పాత చీర అడుగుతోంది. మొదటి వాక్యంలోనే ఒక మాట దగ్గర తట్టుకున్నాను. వెనక్కి పోయి మళ్ళీ చదివాను. మళ్ళీ తట్టుకున్నాను.

ఆమె పోగు కొస పళ్ళ మధ్య పెట్టుకుని ఉంది. తీసి అంది.

"ఆఁ. ఇప్పుడు చదువుతాండావు."